భూదేవి రాసిన బస్సు లిస్టు

ముందే చెబుతున్నాను, కోర్టు పనులు చేసే మనిషి అన్నారు కదా అని మీరు నల్లకోటును ఊహించుకుంటే భూదేవిని ఎప్పటికీ గుర్తుపట్టలేరు. ఆమె నెత్తిన ఎప్పుడూ ఒక పోట్లా ఉండేది. పోట్లా అంటే చీరల మూట. సూరత్ బట్టల మార్కెట్ నుంచి చీరలు తెచ్చి, ఇళ్లలో ఉండే ఆడవాళ్లకు పంచి, లేసు కుట్టించి, మెరుపు బిళ్లలు అతికించి, వేలాడే దారాలు కత్తిరించి మళ్లీ మార్కెట్‌కు చేర్చడం ఆమె పని. చదివింది ఐదో తరగతి. తెలుగులో గుండ్రంగా రాస్తుంది. గుజరాతీ బోర్డులు బొమ్మ చూసినట్టు చూసి గుర్తుపడుతుంది. మాట మాత్రం మూడు భాషల్లోనూ ఆగదు.

పుట్టింది జగిత్యాల పక్క పల్లెలో. పద్దెనిమిదేళ్లకు లింగమూర్తి వెంట సూరత్ వచ్చింది. ఆయన మరమగ్గం నడుపుతాడు. ఉధ్నాలో పదేళ్లు ఒకే గదిలో కాపురం చేసి, ఆ తర్వాత తాపీ నది దాటి అమ్రోలికి మారారు. అమ్రోలి నుంచి సాయణ్ వైపు పోయే దారిలో పల్లెలకు పల్లెలు మగ్గాల షెడ్లయిపోయాయి. ఒకవైపు చెరకు తోట, ఇంకోవైపు ఖటాఖటా మోత. ఆ షెడ్ల వెనక రేకుల గదుల్లో మన కరీంనగర్ వాళ్లు, ఒడిశా వాళ్లు, అక్కడి ఊరివాళ్లు అందరూ ఉంటారు. భూదేవి పోట్లా ఆ గదులన్నీ తిరిగేది.

ఆమెకు ఈ న్యాయం పని ఎలా అంటుకుందో చెప్పాలి. కరోనాకు మూడేళ్ల ముందు అలాంటి ఒక పల్లెలో హంసాబెన్ అనే వకీలు శిబిరం పెట్టింది. మొగుడి చేతిలో దెబ్బలు తినే ఆడవాళ్లకు ఖర్చు లేకుండా కేసు వేసిపెడతామని మైకులో చెప్పించింది. నలభై కుర్చీలు వేయిస్తే వచ్చింది ఇద్దరు. ఒకామె ముసలావిడ, పింఛను కాగితాలు ఇస్తారేమోనని వచ్చింది. ఇంకొకరు భూదేవి, ఎండకు తాళలేక షామియానా కింద మూట దించుకుంది.

"ఎందుకు రావడం లేదు వీళ్లు?" అని హంసాబెన్ విసుక్కుంటే, భూదేవి సగం హిందీ సగం గుజరాతీలో ఒకటే అంది. మన మాటలో చెప్పాలంటే ఇలా.

"మైకుల పిలిస్తే మొగని ముంగట్నుంచి లేచి ఎవలొస్తరు బెన్? నీ కాడికి వచ్చినామె ఇంటికి పోయేటాలకు మళ్ల దెబ్బలు తయారుంటయి."

"మరి నువ్వయితే ఏం చేస్తావు?"

"నేనా? నేనే వాళ్లింటికి పోత. నన్నెవలు ఆపుతరు? పనిచ్చేదాన్ని."

హంసాబెన్ అప్పుడే నవ్విందట. చదువుకున్న వాళ్లు దొరుకుతారుగానీ ఇంట్లోకి రానిచ్చేవాళ్లు దొరకరు అంది. నాలుగు రోజులు నేర్పించి ఒక గుర్తింపు కార్డు ఇప్పించింది. భూదేవి ఆ కార్డును ఎవరికీ చూపలేదు. మడతపెట్టిన జేబురుమాలులో చుట్టి జాకెట్టులో దాచుకునేది.

ఆమె పని పద్ధతి చూస్తే మీకు నవ్వొస్తుంది. గదిలో కూర్చుని చీరలు లెక్కపెట్టేది, బయటికి వినబడేలా గట్టిగా. అంకెకూ అంకెకూ మధ్య మాత్రం గొంతు దించేది. "నలభై ఒకటీ... మెడ మీద గదేంది?... నలభై రెండూ... ఎప్పట్నుంచి కొడ్తుండు?... నలభై మూడూ..." గడప మీద కూర్చుని బీడీ తాగే మొగుడికి అంకెలే వినబడేవి. అవతల పిల్ల కళ్లు తుడుచుకుంటూ జవాబు చెప్పేది. డెబ్బై చీరల మూట విప్పి కట్టేలోపు ఒక ఆడమనిషి కథంతా భూదేవి దగ్గర ఉండేది. ఆదాయంతో పనిలేకుండా ఆడదానికి సర్కారు ఉచితంగా వకీలును ఇస్తుందని, కొట్టినవాణ్ని ఇంట్లోంచి వెళ్లమని కోర్టు చెప్పగలదని ఆ లెక్కలోనే చెప్పేసేది.

కరోనా వచ్చిన ఏడాది మార్చిలో అన్నీ మూతపడ్డాయి. మగ్గాలు ఆగాయి. మార్కెట్‌కు తాళం పడింది. పాతికేళ్లలో ఆ పల్లెల్లో పిట్ట కూత వినబడటం అదే మొదలని జనం చెప్పుకున్నారు. కానీ మోత ఆగాక పిట్ట కూతలే కాదు, ఇంకా చాలా వినబడ్డాయి. ఇంతకుముందు మగ్గాల చప్పుడులో కలిసిపోయిన ఏడుపులు ఇప్పుడు గోడ దాటి వచ్చేవి. షిఫ్టుకు పోయే మగవాడు ఇరవై నాలుగు గంటలూ పదడుగుల గదిలోనే. భూదేవికి మాత్రం పోట్లా లేదు. పోట్లా లేని భూదేవిని ఏ గడపా రానివ్వదు.

వారం రోజులు ఇంట్లో పులిలా తిరిగింది. తర్వాత నర్సింగం దగ్గరికి వెళ్లింది. నర్సింగం అమ్రోలి తెలుగువాళ్ల సంఘానికి పెద్ద. అరవై దాటిన మనిషి, నోరు పెద్దది, మనసు మంచిది. బియ్యం పంచుతున్నాడు.

"కాకా, గా పల్లెల లిస్టు నేను రాస్త."

"నువ్వెందుకు బిడ్డా ఎండల తిరుగుడు? ఆ కరోనా నిన్ను చూసి భయపడ్తదనుకున్నవా?"

"నా మొకం చూస్తే మా ఆయనే భయపడ్తడు, కరోనా ఎంత?"

అలా ఆమెకు మళ్లీ గడపలు తెరుచుకున్నాయి. చీరల అంకెల బదులు బియ్యం కిలోలు. సంఘం వాళ్ల లిస్టు ఎప్పుడూ ఒకటే తీరు. చందా అయినా, బోనాలయినా, రేషనైనా మొదట ఇంటాయన పేరు, పక్కన ఆయన ఫోను, ఆ పక్కన మనుషులు ఎందరు. ఆడవాళ్లకు అందులో పేరు ఉండదు, అంకెలో ఒకరుగా ఉంటారు. భూదేవి కూడా అలాగే రాసింది. అదేమీ తప్పని అప్పుడు ఎవరికీ అనిపించలేదు.

ఏప్రిల్‌లో ఒక రేకుల గదిలో వినోద కనబడింది. పాతికేళ్ల పిల్ల. ఎడమ మణికట్టు వంకాయలా వాచి ఉంది. మొగుడు సంపత్ గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తాగుడు వల్లే కొడతారని అందరూ అంటారు కదా, సంపత్ తాగడు. బీడీ కూడా ముట్టడు. మనిషి ఎదురైతే చేతులు జోడిస్తాడు.

"కూసో అక్కా. మా ఇంటామె బాత్‌రూంల జారి పడ్డది. జర చెప్పు, చూసుకొని నడువుమని," అన్నాడు.

నీళ్ల ట్యాంకరు హారన్ కొట్టింది. రెండు బిందెలు పట్టుకుని అతను లేచి వెళ్లాడు. భూదేవికి దొరికింది పావుగంట.

"ఏంతోటి కొట్టిండు?"

"మగ్గం బెల్టు. చెయ్యి అడ్డం పెట్టిన." వినోద ఏడవలేదు. "అక్కా, నన్ను ఊరికి పంపు. కోరుట్లల మా చిన్నమ్మ కొమురవ్వ ఉన్నది. మస్తు గట్టిది. ఆమె ఉన్న ఇంటికి ఈయన రాడు."

"నూట ఎనభై ఒకటికి ఫోను కొట్టనా? బండేసుకొని ఆడోళ్లే వస్తరు. సర్కారుదే."

"వస్తరు, మందలిస్తరు, పోతరు. వాళ్లు పోయినంక రూమ్‌ల ఎవలుంటరక్కా? నేను, ఆయన. ముందుగాల నన్ను ఈడికెళ్లి దాటియ్యి. కేసు ఆన్నుంచి పెడ్త."

భూదేవి ఆ సాయంత్రమే హంసాబెన్‌కు ఫోన్ చేసింది. కోర్టుల్లో అత్యవసరమైనవే నడుస్తున్నాయని, అయినా పిల్ల చెప్పింది సరైనదేనని హంసాబెన్ అంది. తలదాచుకున్న ఊరి కోర్టులోనే గృహ హింస అర్జీ పెట్టుకోవచ్చు, అక్కడి వకీలుతో నేను మాట్లాడతాను, ముందు మనిషి క్షేమంగా చేరాలి అంది.

మే నెలలో దారి దొరికింది. నర్సింగం తిరగని ఆఫీసు లేకుండా తిరిగి, ఊళ్లకు వెళ్లేవాళ్ల కోసం రెండు బస్సులకు పాసులు తెచ్చాడు. సంపత్ వెళ్లడం లేదు. షెడ్డుకు రాత్రి కాపలా ఉండమని శేఠ్ పెట్టుకున్నాడు. పొద్దున ఎనిమిది దాకా రాడు. బస్సు ఆరింటికి. అదృష్టం ఇంత సూటిగా వస్తుందా అని భూదేవి లింగమూర్తితో అంది. ఐదింటికి గది దగ్గర ఆగమని కూరగాయల టెంపో అతనికి చెప్పింది. మాస్కు, ఆధార్ జిరాక్సు, అటుకుల పొట్లం, చెయ్యి చూపించుకోవడానికి కోరుట్లలో డాక్టరు పేరు, అన్నీ సిద్ధం చేసింది. కొమురవ్వకు తానే ఫోన్ చేసింది. ఆమె అవతల నుంచి, "పంపు బిడ్డా, వాడొస్తే రోకలిబండ తయారున్నది," అంది.

ముందురోజు మధ్యాహ్నం నర్సింగం ఇంటి వసారాలో కూర్చుని బస్సు లిస్టు రాసింది. ఎనభై నాలుగు పేర్లు. పోలీసు పాసుకు జతచేయాలి, తొందర. ఫోన్ నంబర్లు ఎక్కడ దొరుకుతాయి? రేషను పుస్తకం పక్కనే ఉంది. అందులోంచి వరసపెట్టి ఎక్కించింది. చేయి అలవాటుగా నడిచింది. 'సంపత్ ఇంటి నుంచి ఒకరు' అని రాసి, పక్కన రేషను పుస్తకంలో ఉన్న నంబరే రాసింది. వినోదకు ఫోనే లేదు. ఆ గడిని ఖాళీగా వదిలేస్తే సరిపోయేది.

సాయంత్రం నర్సింగం తన ధర్మం ప్రకారం లిస్టులో ఉన్న అందరికీ పేరుపేరునా ఫోన్ చేశాడు.

"సంపత్, మీ ఇంట్లకెళ్లి ఒక్కరే గద? పొద్దుగాల ఆరింటికి అమ్రోలి చౌరస్తాకు తోలియ్యి."

"సరే కాకా," అన్నాడట సంపత్. అంతే. ఏ మాటా తేడాగా అనిపించలేదని నర్సింగం తర్వాత నెత్తి కొట్టుకుంటూ చెప్పాడు.

పొద్దున జనం సంచులతో చౌరస్తా నిండిపోయింది. ఐదున్నరకు టెంపో వచ్చింది. అందులో టమాటాలున్నాయి, వినోద లేదు. తలుపుకు బయట తాళం ఉందని టెంపో అతను చెప్పాడు. భూదేవికి ఇంకా అర్థం కాలేదు. ఆరవుతుండగా సైకిలు మీద సంపత్ వచ్చాడు. ఉతికిన చొక్కా, తెల్ల మాస్కు.

"శనార్తి కాకా. మా ఇంటామెకు పానం మంచిగ లేదు. సీటు ఖరాబెందుకు, ఇంకెవలకన్న ఇయ్యుండ్రి. చెప్పిపోదామని వచ్చిన."

అందరూ వింటుండగానే భూదేవి వైపు తిరిగాడు.

"అక్కా, లిస్టు మంచిగ రాసినవ్. నంబరు గిట్ల ఒక్కటి తప్పు పోలే."

చేతిలో ఉన్న కాగితం అప్పుడు చూసుకుంది భూదేవి. తన గుండ్రటి అక్షరాలే. నర్సింగం ఏమైంది ఏమైందని అడుగుతుంటే ఆమె అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయింది. తర్వాత లేచి నూట ఎనభై ఒకటికి ఫోన్ చేసింది.

బండి వచ్చింది, తాళం తీయించారు, ఆసుపత్రికి తీసుకెళ్లారు. వినోద కుడి చెవిలోంచి రక్తం కారి జుట్టు అట్టకట్టింది. ఆ చెవి ఇక వినిపించదని డాక్టరు చెప్పాడు. వాంగ్మూలం రాసుకోవడానికి వచ్చినామె మంచిగా, ఓపికగా అడిగింది. వినోద గోడ వైపు చూస్తూ చెప్పింది: "బాత్‌రూంల జారి పడ్డ."

అందరూ వెళ్లాక భూదేవి మంచం పక్కన కూర్చుంది.

"వినోదా, మనిషి చచ్చేదాకా చూస్తవా? నిజం చెప్పు."

"నిజమా? నువ్వే గదా ఫోన్ చేయించినవ్."

భూదేవికి నర్సింగం మీదికి తోసేయడం తేలిక. ఫోన్ చేసింది ఆయనే. కానీ అలా చేయలేదు. "నేనే. రాసిన చెయ్యి నాదే. కావాలని గాదు, తెలివిలేక," అంది.

"తెలివిలేనోళ్లు ఎందుకక్కా ఇండ్లల్లకు వచ్చుడు?" అని వినోద అటు తిరిగి పడుకుంది. నాలుగో రోజు సంపత్ చేతులు జోడించి వచ్చి, ఆసుపత్రి కాగితాల మీద సంతకాలు పెట్టి ఆమెను తీసుకెళ్లాడు.

నర్సింగంతో భూదేవి ఒక్కసారే పోట్లాడింది.

"నేనేం జేసిన బిడ్డా? ఇంటాయనకే గద చెప్పేది. ఎప్పుడు చేసినట్టే చేసిన."

"ఇంటామెకు చెప్పే లిస్టు మన దగ్గర ఏనాడన్న ఉన్నదా కాకా? ఉంటే చూపియ్యి."

ముసలాయన రేషను పుస్తకం తిరగేశాడు. అందులో ఉన్నది ఆమె రాతే. ఆ లిస్టు తాను కూడా అలాగే రాసింది.

ఆ తర్వాత భూదేవి కాగితం మీద రాయడం మానేసింది. మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి, పోట్లా మళ్లీ నెత్తికెక్కింది, పల్లెలు మళ్లీ తిరిగింది. కానీ ఏ ఆడమనిషి పేరూ, గదీ, నంబరూ ఎక్కడా రాయలేదు. ఫోనులో కూడా పెట్టుకోలేదు. అన్నీ తలలోనే. హంసాబెన్ కోప్పడింది. నా దగ్గరైనా రాయించు, తాళం వేసి పెడతాను అంది. "రాసినకాడ ఎవలో ఒకలు చదువుతరు బెన్," అని భూదేవి వినలేదు. అలాగే ఆ ఏడాది పదకొండు మందిని కోర్టు దాకా చేర్చింది. కొందరికి ఉత్తర్వులు వచ్చాయి. ఒకామె అంతా అయ్యాక మళ్లీ మొగుడి దగ్గరికే వెళ్లింది. భూదేవి ఆ గడపకూ చీరలు ఇస్తూనే ఉంది.

వినోద గది ముందు నుంచి పోయేటప్పుడు మాత్రం అడుగు తడబడేది. సంపత్ ఎదురైతే, "అక్కా, చీరలుంటే మా ఇంటామెకు గూడ ఇయ్యరాదూ," అని నవ్వేవాడు. జనవరిలో అతను షెడ్డు మారాడు, గదీ మారాడు. ఎక్కడికో తెలియలేదు.

ఏప్రిల్‌లో, రెండోసారి జబ్బు ఊరంతా పాకుతున్నప్పుడు, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. భూదేవి అన్నం కలుపుకుంటోంది. లింగమూర్తి ఎదురుగా ఉన్నాడు, అందుకే ఈ మాటలు తెలిశాయి. ఫోను స్పీకరులో పెట్టింది.

"అక్కా, నేను వినోదను. పక్కింటి ఒడియాయన ఫోను. ఆయన ఊరికి పోతుండు, మళ్ల ఇది దొరుకది. జల్ది విను. నాకు ఒక్క చెవే ఉన్నది. అది గూడ పోకముందే సంతకం పెడ్త. కాగితాలు తెస్తవా?"

భూదేవి ఎంగిలి చేత్తోనే లేచి నిలబడింది. "తెస్త తల్లీ. ఎక్కడున్నవ్?"

అప్పుడు స్పీకరు తీసేసి, ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడిచింది. ఎక్కడుందో మొగుడికి కూడా వినబడకూడదు. లోపలికి వచ్చాక, "శుక్రారం పోవాలె. సంపత్ షిఫ్టుకు పోయినంక," అని మాత్రం చెప్పింది. ఆ రోజు ఆమె రెండు ముద్దలు ఎక్కువ తిందని లింగమూర్తి అంటాడు.

మంగళవారం హంసాబెన్ అర్జీ తయారుచేసి ఇచ్చింది. చిరునామా అడిగితే, ఆ పిల్ల ఎదుటే కూర్చుని రాస్తానని భూదేవి ఆ గీత ఖాళీగా ఉంచమంది. బుధవారం జ్వరం. గురువారం మెట్లు ఎక్కలేకపోయింది. సాయంత్రానికి ఆసుపత్రి వరండాలో, ఇంకో ఆడమనిషితో కలిపి ఒకే మంచం మీద ఆక్సిజన్ పెట్టారు. మగవాళ్లను లోపలికి రానివ్వలేదు. లింగమూర్తి గేటు బయట అందరిలాగే నిలబడ్డాడు.

శుక్రవారం పదకొండు గంటలకు ఒక నర్సు తన ఫోనులో మాట్లాడించింది. భూదేవి ఊపిరి ఈలలా ఉంది.

"సంచిల... కవరు... కెనాలు పక్కపొంటి..."

"ఎందుకే మాట్లాడుతవ్? పానం గట్టిగ చేసుకో. నువ్వు మంచిగైనంక నువ్వే పోదువు గని. ఇప్పుడు మాట్లాడకు."

"వినుండ్రి జర..."

"మాట్లాడకు అన్న గద. నా మాట ఒక్కసారన్న విను." ఆయన ఏడుస్తున్నాడు. ఫోను నర్సుకు ఇచ్చేయమన్నాడు.

శనివారం తెల్లవారాక భూదేవి పోయింది.

మైల రోజులు పోయాక లింగమూర్తి ఆ కవరు పట్టుకుని బయలుదేరాడు. ఫోను వచ్చిన నంబరు స్విచ్ ఆఫ్. భూదేవి చెప్పిన కెనాలుకు సాయణ్ దగ్గర రెండు వైపులా మైళ్ల పొడవునా షెడ్లు, ప్రతి షెడ్డు వెనకా రేకుల గదులు. సంపత్ గది ఎక్కడని అడిగితే ఆ మాట సాయంత్రానికి సంపత్‌కు చేరుతుంది. వినోద గది ఎక్కడని అడిగితే ఎవరికీ తెలియదు, గదులకు ఆడవాళ్ల పేర్లు ఉండవు. రెండు వారాలు, షిఫ్టు లేని పూటలన్నీ నడిచాడు. కుడివైపు నుంచి పిలిస్తే పలకని ఆడమనిషి కోసం, కుళాయిల దగ్గర, ట్యాంకరు వరసల్లో చూస్తూ నడిచాడు.

కవరు ఇప్పుడు చీరల సంచిలోనే ఉంది. అందులో వకాలత్ కాగితం, మూడు పేజీల అర్జీ, సంతకం పెట్టాల్సిన చోట్ల హంసాబెన్ పెన్సిల్‌తో పెట్టిన మూడు గుర్తులు, ఒక నీలం పెన్ను ఉన్నాయి. చిరునామా గీత మీద ఏమీ రాయలేదు.